జీతం పెరిగింది, పాలు మాత్రం మారలేదు

ప్రశ్న: మాది చెన్నైలో మాధవరం మిల్క్ కాలనీ. 2022 నవంబరులో ఆవిన్ పాల ఆరెంజ్ ప్యాకెట్ లీటరు 48 నుంచి 60 రూపాయలయ్యేసరికి గ్రీన్ ప్యాకెట్‌కు మారాం. ఆ తర్వాత మావారి జీతం పెరిగింది. అయినా నేను మళ్లీ ఆరెంజ్ జోలికి పోలేదు. పెరుగు గడ్డ కట్టడం లేదనీ, డబ్బుండి కూడా పిసినారితనమనీ అత్తగారు సాధిస్తున్నారు. ఆవిడన్నది నిజమేనా?
— ఓ గృహిణి

జవాబు: అత్తగారు జీతం చూస్తున్నారు, మీరు ధరల తేడా చూస్తున్నారు. ఆరెంజ్ 48, గ్రీన్ 44 ఉన్నప్పుడు తేడా 4 రూపాయలు. ఆరెంజ్‌లో వెన్న 6 శాతం, గ్రీన్‌లో 4.5. అంటే ఆ 4 రూపాయలకు లీటరుకు దాదాపు 15 గ్రాముల వెన్న అదనంగా వచ్చేది. చాలా చవక బేరం. ఆరెంజ్ 60 అయ్యాక అదే 15 గ్రాములకు 16 రూపాయలు పెట్టాలి. కిలో నెయ్యి 700 అనుకున్నా 15 గ్రాములు పదిన్నరకే వస్తుంది కదా!

జీతం పెరిగితే ఈ లెక్క మారదు. ధర పెరిగినప్పుడు మాత్రం రెండు సంగతులు కలిసి జరుగుతాయి. చేతిలో డబ్బు కాస్త చిక్కిపోతుంది, పక్కనున్న సరుకు చవకగా కనిపిస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూపినవాడు ఆర్థికవేత్త యెవ్‌గెనీ స్లట్‌స్కీ, 1915లో. ఆయన లెక్కల జోలికి పోకుండా మిమ్మల్ని ఒకటే అడుగుతాను: పెరిగిన ఖర్చంతా ఎవరో తెచ్చి మీ చేతిలో పెడితే మళ్లీ ఆరెంజే కొంటారా? కొంటానంటే అప్పుడు మిమ్మల్ని ఆపింది డబ్బు కరువు. కొననంటే ధరల తేడా. జీతం పెంపు మీకు పెట్టిన పరీక్ష ఇంచుమించు ఇదే. మీరు కొనలేదు. కాబట్టి పిసినారితనం కాదు.

అయితే అత్తగారి పక్షాన ఒక మాట. ఆ పెంపులో నెలవారీ కార్డుదారులకు ఆరెంజ్ 46 రూపాయలకే ఉంచారు. కార్డు మీద కొని ఉంటే ఆవిడ మాటే నెగ్గేది. ఇప్పటి కార్డు ధర ఎంతో మీ డిపోలో కనుక్కోండి. కార్డుకు నెల డబ్బు ముందే కట్టాలి. అలా కట్టలేని ఇళ్లే ఎక్కువ ధర పెట్టి కొంటున్నాయి. ఈ పద్ధతి నాకెప్పుడూ మింగుడుపడదు.

ఇంకొకటి. 2023లో గ్రీన్ ధరకే, అంటే అదే 44 రూపాయలకు, 3.5 శాతం వెన్నతో డిలైట్ ప్యాకెట్ వచ్చింది. అంకె అలాగే ఉండి సరుకు పలచబడితే అదీ ధర పెంపే. మీ పెరుగు సంగతి అక్కడేమైనా ఉందేమో, ప్యాకెట్ మీద వెన్నశాతం చదవండి.

ప్రశ్న: నాకు ఉద్యోగం వచ్చాక ఇంట్లో రేషన్ బియ్యం వండడం మానేశాం. ఉచితంగా వచ్చేదాన్ని వదిలి పొన్ని బియ్యం కొనడం దుబారా అంటారు మా నాన్న.
— ఓ యువకుడు, మాధవరం

జవాబు: రాబడి పెరిగితే కొన్ని సరుకులు ఎక్కువ కొంటాం, కొన్నింటిని వదిలేస్తాం. తమిళనాడులో 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితం. ఉచితమైనా వద్దనుకునే ఇళ్లున్నాయంటే అక్కడ ధర కన్నా రాబడిదే పైచేయి. దేశంలో పట్నపు ఇళ్ల ఖర్చులో ధాన్యాల వాటా 1999-2000లో 12 శాతం పైన ఉండేది, 2022-23కి 4 శాతం లోపుకు దిగింది. బియ్యం మార్చినంత మాత్రాన కొంప మునగదని నాన్నగారికి చెప్పండి. అన్నానికి పొన్ని కొనుక్కోండి. రేషన్‌లో వచ్చే ఉప్పుడు బియ్యం ఇడ్లీ పిండికి రుబ్బించండి. మన పక్క చాలా ఇళ్లలో చేసేది అదే, ఇడ్లీ తిన్నవాళ్లెవరూ తేడా పట్టలేరు.

ప్రశ్న: 2021 మే నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ టౌన్ బస్సు ఉచితం కదా. టికెట్ డబ్బు మిగలాలి. నాకెందుకు మిగలడం లేదు?
— ఓ దర్జీ మహిళ

జవాబు: టికెట్ లేదు గనుక మునుపు మానుకున్న ప్రయాణాలు ఇప్పుడు చేస్తున్నారు. కోయంబేడు దాకా కూరలకు, ప్యారీస్ కార్నర్ దాకా లైనింగ్ గుడ్డకు వెళ్తున్నారేమో చూసుకోండి. గుడ్డ చవకగా దొరికి కుట్టుకూలి నిలబడుతుంటే ఆ డబ్బు పోలేదు, మీ మిషను దగ్గరే ఉంది. దారిలో టీ, బజ్జీలకు పోతుంటే మాత్రం, అదీ మీ ఇష్టమే. లెక్క మాత్రం రాసుకోండి.