వర్షసూచన విద్య – దక్షిణ తెలంగాణపు ముసురు

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు (2016లో ఇవి పెక్కు జిల్లాలుగా విభక్తములైనవి) వర్షాధారమైన మెట్టసేద్యమునకు నెలవులు. ఇచ్చటి రైతునకు హస్త మొదలు జ్యేష్ఠ వరకు గల కార్తెలు, అనగా సెప్టెంబరు చివరినుండి డిసెంబరు నడుమ వరకు గల కాలము, ఆందోళనకరమైనది. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినచో చల్లని గాలియు ముసురును రెండు మూడు దినములు విడువకుండుట కలదు. ఆ తడిలో ఆముదపు గెలలకు బూజు తెగులు సోకును. కల్లములోని వడ్లు తడియును. విచ్చిన పత్తి రంగు మారును. తెగులు మందును ముసురునకు ముందే చల్లవలెను. కావున రేపు వాన వచ్చునా యను ప్రశ్న రైతునకు పంట ప్రశ్నయే. దీనికి మన ప్రాచీన శాస్త్ర మెంతవరకు సమాధాన మీయగలదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో రెండు విధములైన సూచనలను తెలిపినాడు. మొదటిది గర్భలక్షణము. మార్గశిర శుక్లపక్షము మొదలు మేఘములు గర్భము ధరించుననియు, 195 దినములకు ప్రసవించుననియు, శుక్లపక్షపు గర్భము కృష్ణపక్షమున వర్షించుననియు ఇందలి సిద్ధాంతము. 195 దినములు సుమారు ఆరున్నర చాంద్రమాసములు గనుక పక్షము మారుట లెక్కకు సరిపోవుచున్నది. అయితే లెక్క కుదురుట వేరు, వాన కురియుట వేరు. వరాహమిహిరుడు అవంతీదేశస్థుడు. ఉత్తరదేశపు శీతకాలమేఘములు ప్రధానముగా పడమటి వాయుక్షోభముల వలన కలుగును; మన ముసురు తూర్పు సముద్రమునుండి వచ్చును. మేఘముల పుట్టుకయే వేరైనపుడు అచ్చటి నియమమును ఇచ్చట యథాతథముగా అన్వయింపరాదు.

కార్తెల విషయమునను ఇట్టి జాగ్రత్తయే అవసరము. సూర్యుడు ఒక నక్షత్రమున నుండు 13, 14 దినముల కాలమే కార్తె. ఇది నిరయన గణనము. ఋతువులు సాయనము ననుసరించును. విషువచ్చలనము సుమారు 72 సంవత్సరములకు ఒక అంశ. వరాహమిహిరుని కాలమున దాదాపు శూన్యమైన అయనాంశ నేడు సుమారు 24 అంశలైనది. అందుచే నేటి పంచాంగమున సెప్టెంబరు 27 ప్రాంతమున వచ్చు హస్తకార్తె, ఋతువును బట్టి చూచినచో, ఆనాడు సెప్టెంబరు మొదటివారమునకే వచ్చెడిది. కాబట్టి మన పల్లెలలోని కార్తె సామెతలు ఋషిప్రోక్తములు కావు. తరువాతి తరముల రైతులు స్వానుభవముతో కూర్చుకొన్నవి. ఇది వానికి లోపము కాదు. స్థానికత్వమే వాని విలువ.

రెండవది సద్యోవర్షలక్షణము. ఉప్పు చెమ్మగిల్లుట, లోహములకు చిలుము వాసన వచ్చుట, చీమలు గ్రుడ్లను మోసికొనిపోవుట మున్నగునవి ఇందు చెప్పబడినవి. వీనిలో ఉప్పు గుర్తునకు స్పష్టమైన కారణము కలదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 75 శాతమునకు మించినచో ఉప్పు తేమను పీల్చి నీరగును. అది చూపునది తేమను మాత్రమే, వానను కాదు. అయినను నక్షత్రగణనము వలె ఇది కాలముతో జరిగిపోవునది కాదు. ఉజ్జయినిలోను దేవరకొండలోను ఒక్క రీతినే పనిచేయును.

1875లో ఏర్పడిన భారత వాతావరణశాఖ నేడు ఉపగ్రహముల సాయమున వాయుగుండమును ముందే గుర్తించి జిల్లాల వారీగా హెచ్చరించుచున్నది. మందు చల్లుటకును, ధాన్యము నెత్తుటకును ఆ హెచ్చరికనే ప్రధానముగా గ్రహింపవలెను. కాని ఒక ఊర కురిసిన వాన ప్రక్క ఊర కురియకుండుట మెట్టప్రాంతమున సామాన్యము. ఆ వెలితిని స్థానిక పరిశీలనమే తీర్పవలెను. అందులకును వరాహమిహిరుడే మార్గము చూపినాడు: హస్తప్రమాణము గల పాత్రలో వాననీటిని కొలువవలెనని ఆయన విధించినాడు. లక్షణము చెప్పినవాడే కొలతయు చెప్పినాడన్నమాట. మన విద్యార్థులు తమ గ్రామములలో సామెతలను సేకరించునపుడు తేదీ, తిథి, గాలి దిక్కు, కురిసిన వాన కొలతలను గూడ వ్రాసియుంచినచో, కొన్నేండ్లకు ఏ సామెత నిలుచునో, ఏది నిలువదో తేలగలదు. విజ్ఞులు ఈ విషయమును పరిశీలింతురు గాక.