పోటీ పరీక్షల ప్రత్యేకం: ఫారో కటిల్ ఫిష్

• శాస్త్రీయ నామం: సెపియా ఫారోనిస్. 1831లో ఎరెన్‌బర్గ్ వర్ణించాడు.

• వర్గీకరణ: మొలస్కా వర్గం, సెఫలోపొడా తరగతి, సెపియిడే కుటుంబం. పేరులో ఫిష్ ఉన్నా చేప కాదు, అకశేరుకం. (తరచూ అడుగుతారు)

• విస్తరణ: ఎర్ర సముద్రం నుంచి జపాన్, ఆస్ట్రేలియా వరకు. మన తూర్పు, పడమర తీరాల్లో ట్రాల్ వలలకు పడుతుంది.

• గుర్తింపు: వీపుపై పులిచారల్లాంటి అడ్డగీతలు, మగవాటిలో మరీ స్పష్టం. లోపలి పెంకు చివర ముల్లు ఉంటుంది. మరో కటిల్ ఫిష్ జాతి సెపియెల్లా ఇనెర్మిస్‌లో ముల్లు ఉండదు, దేహం వెనుక కొసన రంధ్రం ఉంటుంది.

• దేహం: 8 బాహువులు, 2 స్పర్శకాలు, 3 గుండెలు. కనుపాప ‘డబ్ల్యూ’ ఆకారం.

• రక్తం: హీమోసయనిన్ వల్ల నీలం, ఇందులోని లోహం రాగి. (ముఖ్యం)

• సిరా: మెలనిన్. రంగు మార్పు: క్రొమాటోఫోర్లు.

• లోపలి పెంకు: కాల్షియం కార్బనేట్ (అరగోనైట్). తేలడానికి తోడ్పడుతుంది. ఆయుర్వేదంలో సముద్రఫేనం.

• జీవితం: స్వల్పాయువు, సంతానోత్పత్తి తర్వాత మరణం.

• సంస్థలు: కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (1947), సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (1972). రెండింటి ప్రధాన కార్యాలయాలూ కొచ్చిలోనే.

గమనిక: ఆక్టోపస్‌కు 8 బాహువులే, స్పర్శకాలు లేవు. జతపరిచే ప్రశ్నల్లో ఈ తేడా మరవద్దు.