లైటు వెలుగుతోంది, బొమ్మ రావడం లేదు

ప్రశ్న: అమెరికా నుంచి అన్నయ్య పంపిన ప్లేస్టేషన్ 4లో తెల్ల లైటు వెలుగుతోంది గానీ టీవీలో బొమ్మ రావడం లేదు. తెనాలిలో చూపిస్తే ‘అక్కడి సిస్టమ్ ఇక్కడ ఆడదు’ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రేపల్లె

జవాబు: కాదు తమ్ముడూ. అది పసుపు పిన్ను వైర్ల కాలం నాటి మాట. అప్పట్లో అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రెండింటికీ పొంతన కుదరక బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది, లేదా పైకీ కిందికీ దొర్లేది. మీ పీఎస్4 హెచ్‌డీఎంఐ మీద నడుస్తుంది. దానికి ఆ పేచీ లేదు.

తెల్ల లైటు ఉందంటే మిషను నడుస్తున్నట్టే. ముందు టీవీలో ఇన్‌పుట్ సరిచూసి, వేరే హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. రాకపోతే పూర్తిగా ఆపేసి పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. సుమారు 7 సెకన్లకు రెండో బీప్ వినగానే వదిలితే సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి రిజల్యూషన్ మార్చండి. అన్నయ్య టీవీకి పెట్టుకున్న రిజల్యూషన్ మీ టీవీ అందుకోలేకపోతూ ఉండవచ్చు.

సేఫ్ మోడ్ బొమ్మ కూడా రాకపోతే, టార్చి వేసి హెచ్‌డీఎంఐ పోర్టులో పిన్ను వంగిందేమో చూడండి. బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టవచ్చు. పోర్టు మార్చడం సన్నటి టంకం పని, చెయ్యి తిరిగినవారికే ఇవ్వండి. పిన్నీసుతో మాత్రం గీకకండి.