డీవీఎల్‌ఏ మరిచినా కౌన్సిల్ మరవదు: ఇంగ్లండ్‌లో టాక్సీ లైసెన్స్ లెక్కలు

ఇంగ్లండ్‌లో రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని మెసేజ్ చూసినా నేరమే. జరిమానా 200 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. కారులో ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి ఆ దెబ్బ ఇన్సూరెన్స్ ప్రీమియం దగ్గర తగులుతుంది. టాక్సీ నడిపి బతకాలనుకునే మనిషికి మాత్రం ఆ ఒక్క మెసేజ్ ఐదేళ్లు దారి మూసేయగలదు. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం దొరకని యువకులు, భార్య లేదా భర్త కొలువు మీద బ్రిటన్ వెళ్లి సొంత సంపాదన కోసం వెతుక్కుంటున్నవారు టాక్సీ వైపు చూసేముందు ఈ లెక్క తెలుసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో కారు లైసెన్సూ, రవాణా వాహనం నడిపే అనుమతీ రెండూ రవాణా శాఖే ఇస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ రెండూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేది స్వాన్సీలోని డీవీఎల్‌ఏ. టాక్సీ లైసెన్స్ ఇచ్చేది స్థానిక కౌన్సిల్, లండన్‌లో అయితే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్. రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగే హ్యాక్నీ క్యారేజీలకు లండన్ బయట 1847 నాటి చట్టం ఇప్పటికీ నడుస్తోంది. ముందుగా బుక్ చేసుకుంటేనే ఎక్కించుకునే ప్రైవేట్ హైర్ వాహనాలకు లండన్ బయట 1976 చట్టం వర్తిస్తుంది. ఊబర్ డ్రైవర్లు ఈ రెండో కోవలోకి వస్తారు. డ్రైవర్ ‘ఫిట్ అండ్ ప్రాపర్’ వ్యక్తి అని నమ్మకం కుదిరితేనే లైసెన్స్ ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆ నమ్మకం ఎలా కుదరాలన్నది ప్రతి కౌన్సిల్ తన విధానంలో రాసుకుంటుంది. ఇలాంటి కౌన్సిళ్లు ఇంగ్లండ్‌లో రెండు వందలకు పైనే.

వీసా సంగతి మొదటే తేల్చుకోవాలి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, టాక్సీ పని చాలావరకు స్వయం ఉపాధే. కాబట్టి చదువుకుంటూ టాక్సీ నడపొచ్చన్న మాటను ఎవరు చెప్పినా నమ్మకూడదు. గ్రాడ్యుయేట్ వీసా ఉన్నవారికి, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వాములకు ఆ అడ్డు లేదు. 2016 డిసెంబర్ నుంచి వీసా పత్రాలు చూడకుండా ఏ కౌన్సిలూ లైసెన్స్ ఇవ్వడానికి వీల్లేదు. డ్రైవర్ లైసెన్స్ మామూలుగా మూడేళ్లకు ఇస్తారు గానీ, వీసా గడువు అంతకుముందే ముగిస్తే లైసెన్సూ దానితోనే ముగుస్తుంది.

ఇక అసలు విషయం, పాత కేసులు. 2020 జూలైలో బ్రిటన్ రవాణా శాఖ కౌన్సిళ్లకు ప్రమాణాలు జారీ చేసింది. మద్యం లేదా డ్రగ్స్ మత్తులో బండి నడిపి శిక్ష పడితే, ఆ శిక్ష లేదా డ్రైవింగ్ నిషేధం పూర్తయ్యాక కనీసం ఏడేళ్లు గడవాలి. ఫోన్ చేతిలో పట్టుకుని నడిపితే ఐదేళ్లు. మరణానికి దారితీసిన నేరమైతే లైసెన్స్ ఇవ్వకూడదన్నదే ప్రమాణం.

చాలామంది పొరబడేది ఏడేళ్లు ఎక్కడ మొదలవుతాయన్న దగ్గరే. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 2022 మార్చిలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో ఒకరికి 18 నెలల నిషేధం పడింది. శిక్ష పడిన రోజు నుంచి లెక్కేసుకుంటే 2029లో గండం గడిచినట్టే. కానీ నిషేధం ముగిసింది 2023 సెప్టెంబర్‌లో. ఏడేళ్లు అక్కడి నుంచి లెక్కించాలి కాబట్టి 2030 సెప్టెంబర్ దాకా ఆగాలి. అప్పుడైనా దారి తెరుచుకుంటుందే తప్ప లైసెన్స్ దానంతట అది చేతికి రాదు. ఆ కేసు డీవీఎల్‌ఏ రికార్డులో 11 ఏళ్లు ఉంటుంది కనుక కౌన్సిల్ అధికారి కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

ఫోన్ కేసులో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ఆ 6 పాయింట్ల నమోదు డీవీఎల్‌ఏ రికార్డులో నాలుగేళ్లే ఉంటుంది. ప్రమాణం అడిగేది ఐదేళ్లు. ఆ మధ్య ఏడాదిలో రికార్డు తెల్లగా కనిపిస్తుంది, అభ్యర్థి మాత్రం అర్హుడు కాడు. దరఖాస్తులో పాత శిక్షల గురించి అడిగినప్పుడు రికార్డు చూసుకుని ‘ఏమీ లేవు’ అని రాస్తే, ఫోన్ కేసుకు అబద్ధం కేసు తోడవుతుంది. కాలం గడిచిన శిక్షలను చెప్పనక్కర్లేదనే 1974 నాటి చట్టం చాలా ఉద్యోగాలకు వర్తిస్తుంది. టాక్సీ డ్రైవర్లను మాత్రం ఆ వెసులుబాటు నుంచి మినహాయించారు.

స్పీడింగ్ లాంటి చిన్న కేసుల దగ్గరే కౌన్సిళ్ల మధ్య తేడాలు ఎక్కువ. ఒక్కసారి స్పీడింగ్‌కు 3 పాయింట్లు పడితే సాధారణంగా తలుపు మూయరు. చిన్న కేసులతోనే 7 లేదా అంతకు మించి పాయింట్లు చేరితే ఐదేళ్లు ఆగాలని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైసెన్సింగ్ 2018లో సూచించింది. దాన్ని యథాతథంగా తీసుకున్న కౌన్సిళ్లు ఉన్నాయి, తమకంటూ వేరే అంకె పెట్టుకున్నవీ ఉన్నాయి. ఒకే రికార్డు ఉన్న ఇద్దరిలో ఒకరికి లైసెన్స్ వచ్చి, పక్క ఊరి వ్యక్తికి రాకపోవడం అన్యాయమే. దేశమంతటికీ ఒకే కనీస కొలత ఉండాలన్న వాదనలో బలముంది.

కఠినత్వం విషయంలో మాత్రం కౌన్సిళ్లను తప్పుపట్టలేం. రోథర్‌హామ్‌లో పిల్లలపై ఏళ్ల తరబడి సాగిన లైంగిక దోపిడీ గురించి 2014లో అలెక్సిస్ జే నివేదిక, 2015లో లూయీస్ కేసీ నివేదిక వచ్చాయి. అక్కడి టాక్సీ లైసెన్సింగ్ ఎంత అధ్వానంగా నడిచిందో వాటితో బయటపడింది. అందుకే 2020 ప్రమాణాలు అధికారులను ఒక ప్రశ్న వేసుకోమంటాయి: మీకు కావలసిన మనిషిని ఒంటరిగా, రాత్రీ పగలూ ఏ వేళనైనా, ఈ డ్రైవర్ బండిలో పంపుతారా? సగం సగం అనుమానం ఉంటే లైసెన్స్ ఇవ్వకూడదు. సందేహం వల్ల కలిగే మేలు ప్రయాణికుడికే చెందుతుంది.

కుటుంబం గడవాలి, అప్పులున్నాయి అన్న మాటలు ఈ ప్రశ్న ముందు నిలవవు. డ్రైవర్ వ్యక్తిగత కష్టాలను అరుదైన సందర్భాల్లో తప్ప పరిగణించనక్కర్లేదని 2002లో లీడ్స్ కౌన్సిల్ కేసులో హైకోర్టు తేల్చింది. కౌన్సిల్ లైసెన్సింగ్ కమిటీ ముందు పనికొచ్చేవి వేరు: ఆ రోజు ఏం జరిగిందో దాచకుండా చెప్పడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి మచ్చలేని రికార్డు. తిరస్కరిస్తే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఒకచోట కాదంటే ఇంకోచోట చూసుకోవచ్చన్న సలహా వాట్సాప్ గ్రూపుల్లో తేలిగ్గా దొరుకుతుంది. వుల్వర్‌హాంప్టన్ కౌన్సిల్ ఇచ్చిన ప్రైవేట్ హైర్ లైసెన్స్‌తో వేరే నగరాల్లో బుకింగ్‌లు చేస్తున్న డ్రైవర్లు చాలామంది ఉన్నందున ఆ సలహా నిజమనిపిస్తుంది. అయితే 2023 ఏప్రిల్ నుంచి, భద్రతా కారణాలతో తిరస్కరించిన, సస్పెండ్ లేదా రద్దు చేసిన ప్రతి లైసెన్స్ వివరాన్ని ఇంగ్లండ్ కౌన్సిళ్లు ఉమ్మడి రిజిస్టర్‌లో నమోదు చేయాలి. కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు ఆ రిజిస్టర్‌ను చూడాలి. ఆ వివరం 11 ఏళ్లు ఉంటుంది. బయటి ప్రాంతాల టాక్సీల పద్ధతినే ఆపాలని 2025 జూన్‌లో కేసీ మరో నివేదికలో సిఫార్సు చేశారు.

భారత్‌లోని రికార్డూ లెక్కలోకి వస్తుంది. 18 ఏళ్లు దాటాక వరుసగా మూడు నెలలు లేదా అంతకు మించి వేరే దేశంలో ఉన్నవారు అక్కడి నుంచి సత్ప్రవర్తన పత్రం తేవాలని ప్రమాణాలు చెబుతాయి. భారతీయులకు అది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. హైదరాబాద్‌లో ఎప్పుడో పడిన డ్రంక్ అండ్ డ్రైవ్ శిక్షను ఇంగ్లండ్‌లో ఎవరూ అడగరనుకోవడం ప్రమాదం. ఇక డ్రైవింగ్ అనుభవం. భారత లైసెన్స్‌తో బ్రిటన్‌లో నివసిస్తూ 12 నెలలే నడపొచ్చు. ఆ తర్వాత అక్కడి పరీక్ష పాస్ కావాల్సిందే. పాసయ్యాక రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది, మళ్లీ లెర్నర్ దశ నుంచి మొదలు. విజయవాడలో పదేళ్లు కారు నడిపినవారికీ ఈ నిబంధన వర్తిస్తుంది. కారు లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయితేనే టాక్సీకి అర్హత అన్నది 1976 చట్టం. లండన్‌లో ప్రైవేట్ హైర్‌కు అడిగేది మూడేళ్లు.

దరఖాస్తుకు ఖర్చయ్యేది ఒక్క ఫీజు కాదు. మెడికల్, డీబీఎస్ (నేర చరిత్ర) తనిఖీ, స్థానిక పరీక్షలు అన్నీ డబ్బుతో పనే. అందుకే ముందుగా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో శిక్షల విధానం చదవాలి. డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో సొంత రికార్డును ఉచితంగా చూసుకుని, నేరం జరిగిన తేదీ, శిక్ష పడిన తేదీ, నిషేధం ముగిసిన తేదీ విడివిడిగా రాసుకోవాలి. ఆ తేదీలతో లైసెన్సింగ్ విభాగానికి ఈమెయిల్ పంపి, తమ విధానం ప్రకారం ఎప్పటి నుంచి దరఖాస్తు చేయొచ్చో అడగాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మెడికల్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. లైసెన్స్ చేతికొచ్చాక పడే ప్రతి మోటారు కేసునూ 48 గంటల్లో కౌన్సిల్‌కు తెలపాలన్నది ప్రమాణం. వాళ్ల ఈమెయిల్ చిరునామాను అప్పటికీ దగ్గర ఉంచుకోవాలి.