క్షేత్ర పరికరాల లినక్స్ ఇమేజ్‌లో ప్యాకేజీల ఎంపిక, నియంత్రణ

నేల తేమ, ఉష్ణోగ్రత, వర్షపాతం వంటి వివరాలను పొలంలోనే నమోదు చేసి పంపే గేట్‌వే పరికరాలలో అనేకం లినక్స్‌పై పనిచేస్తాయి. వాటి నిల్వ సామర్థ్యం పరిమితం. ఒకసారి గట్టున బిగించిన తరువాత మాటిమాటికీ వెళ్లి సరిచేయడం కష్టం. కనుక ఇమేజ్‌లో ఏ ప్యాకేజీలు చేరాలో నిర్మాణ దశలోనే నిర్ణయించుకోవాలి. ఇందుకు 2010లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఆరంభమైన యోక్టో ప్రాజెక్టు విరివిగా వాడుకలో ఉంది.

విద్యార్థులు ముందుగా గ్రహించవలసినది రెసిపీకి, ప్యాకేజీకి గల భేదం. ఒక రెసిపీని నిర్మించినంత మాత్రాన దాని ఫలితం ఇమేజ్‌లో చేరదు. ఒకే రెసిపీ నుండి ప్రధాన ప్యాకేజీతో పాటు హెడర్ ఫైళ్లకు ‘డెవ్’, డీబగ్ సమాచారానికి ‘డీబీజీ’, పత్రాలకు ‘డాక్’ అనే ప్యాకేజీలు వెలువడతాయి. వరి నూర్చినప్పుడు గింజ, గడ్డి, తాలు వేరుపడినట్లే ఇది. గాదెలోకి ఏది చేరాలో విడిగా చెప్పాలి. ఆ చెప్పే చోటు ‘ఇమేజ్_ఇన్‌స్టాల్’ అనే చరరాశి.

‘లోకల్.కాన్ఫ్’ ఫైలులో దీనికి ‘+=’ గుర్తుతో పేరు చేర్చడం సాధారణంగా జరిగే పొరపాటు. ఇమేజ్ రెసిపీ విలువను నిర్ణయించిన తీరును బట్టి ఆ చేర్పు నిష్ఫలం కావచ్చు, లేదా డిఫాల్ట్ విలువ వర్తించక బూట్‌కు కావలసిన ప్యాకేజీల సమూహమే తప్పిపోవచ్చు. అక్కడ ‘అపెండ్’ వాడడమే సరైనది. అపెండ్ తనంతట ఖాళీని చేర్చదు గనుక పేరుకు ముందు ఒక ఖాళీ ఉంచాలి. 2021 నాటి 3.4 సంచిక నుండి ‘అపెండ్’కు ముందు అండర్‌స్కోరు స్థానంలో కోలన్ వచ్చింది, పాత పాఠాలను నకలు చేసేవారు దీనిని గమనించాలి.

అసలు చిక్కు కోరకుండా వచ్చి చేరే ప్యాకేజీలతో వస్తుంది. ‘ఆర్‌డిపెండ్స్’లో పేర్కొన్నవి అనివార్యం. ‘ఆర్‌రికమెండ్స్’లో ఉన్నవి కేవలం సిఫారసులు, వాటిలో అనవసరమైన వాటిని ‘బ్యాడ్_రికమెండేషన్స్’లో పేరు పెట్టి ఆపవచ్చు. ‘ప్యాకేజ్_ఎక్స్‌క్లూడ్’ మరింత కఠినం: నిషేధించిన ప్యాకేజీపై మరొకటి ఆధారపడి ఉంటే నిర్మాణం దోషంతో ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం మేలే, లోపం పొలానికి చేరకముందే బయటపడుతుంది. ‘నో_రికమెండేషన్స్’ అట్లా కాదు. అది సిఫారసులన్నింటినీ ఒక్కసారిగా తొలగిస్తుంది. కెర్నెల్ మాడ్యూళ్లు చాలావరకు సిఫారసుల రూపంలోనే వస్తాయి. సెన్సరును కలిపే యూఎస్‌బీ-సీరియల్ డ్రైవర్ ఆ విధంగా జారిపోతే నిర్మాణం సవ్యంగా ముగుస్తుంది, పరికరం పొలంలో వెలుగుతుంది, కొలతలు మాత్రం నమోదు కావు. పూత దశలో పోయిన నేల తేమ విలువలను ఆ పంటకాలంలో తిరిగి పొందే మార్గం లేదు.

ప్రయోగశాలలో సౌకర్యం కోసం పెట్టే ‘డీబగ్-ట్వీక్స్’ ఫీచర్ సంకేతపదం లేకుండానే రూట్ ప్రవేశం కల్పిస్తుంది. 2025 నాటి 5.2 సంచికలో దీనిని తొలగించి, దాని పనులను విడివిడి ఫీచర్లుగా ఉంచారు. పాత సంచికలతో పనిచేసేవారు పొలానికి పంపే ఇమేజ్ నుండి దీనిని తప్పక తీసివేయాలి.

నిర్మాణం ముగియగానే ఇమేజ్ పక్కనే ఏర్పడే ‘మ్యానిఫెస్ట్’ ఫైలులో చేరిన ప్యాకేజీలన్నీ కనిపిస్తాయి. ‘బిల్డ్‌హిస్టరీ’ని చేర్చుకుంటే ప్రతి ప్యాకేజీ పరిమాణం, ఏది దేనివలన వచ్చిందో తెలిపే ఆధార చిత్రం కూడ లభిస్తాయి, వాటిని గిట్‌లో భద్రపరచడం వలన రెండు నిర్మాణాల మధ్య తేడాను పంక్తివారీగా పోల్చవచ్చు.