ఉద్దానగృహములు – దక్షిణానిలము : వాస్తుశాస్త్ర సమన్వయము

ఎండవానలనుండి మనుష్యుని కాపాడుటకై గృహము ఏర్పడినది. ఆయాదిగణితము ఎంత చక్కగా కుదిరినను, అందు వసించువానికి సుఖము లేనిచో ఆ నిర్మాణము ప్రయోజనశూన్యమే యగును. విద్యుద్యంత్రముల సాహాయ్యము లేక ఇల్లు తనంతట తాను చల్లగా నుండు విధమును పలాస, టెక్కలి, ఉద్దాన తీరభూములయందు పరిశీలించి, వాస్తుగ్రంథములతో సమన్వయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. దక్షిణపు గోడకు కిటికీ ఉండరాదని నేడు ప్రబలియున్న నమ్మకమునకు శాస్త్రమున ఆధారము కలదా యను ప్రశ్న ఇందు ప్రధానవిచార్యము.

దేశస్వభావము

ఉద్యానశబ్దమునకు వికృతి ఉద్దానమని పెద్దల నిర్వచనము. పద్యము పద్దెమైనట్లు, విద్య విద్దెయైనట్లు ఇచ్చటను ద్యకారము ద్దకారమైనది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములందు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు విస్తారముగా పెరుగుటచే ఆ పేరు సార్థకము. ఈ భూమికి ఆగ్నేయమున సముద్రము, వాయవ్యమున మహేంద్రగిరి. టెక్కలి చేరువ రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేక ఎండలోనే వెలసియున్నాడు. దేవునికి ఎండ ఇష్టమైనను మానవునికి నీడ ఆవశ్యకము.

ఉష్ణము రెండు విధములు. గాలిలో తేమ లేని ఉష్ణము రాయలసీమవంటి మెట్టభూములది. అచ్చట పగలు గవాక్షములు మూసి, దళసరి గోడల మాటున నుండి, రాత్రి చల్లబడిన గాలిని లోనికి రానిచ్చుట మేలు. తేమతో కూడిన ఉష్ణము తీరభూములది. ఇచ్చట చెమట ఆరిననే శరీరమునకు చల్లదనము. గాలి కదలిననే చెమట ఆరును. కావున తీరగృహమునకు వాయుసంచారమే ప్రాణము. వేసవిలో పడమటినుండి వడగాలి వీచిన దినములు మాత్రము దీనికి అపవాదము. తక్కిన దినములలో ఇచ్చటి ప్రజలకు ఊరట దక్షిణ నైరృతులనుండి వచ్చు గాలియే. లోకము దీనిని పైరగాలి యనును, కవులు దక్షిణానిలమనిరి.

సూర్యగతియు గమనింపదగినది. పలాస ఇంచుమించు 18¾ ఉత్తర అక్షాంశమున నున్నది. మే నెల నడుమ ఒకమారు, జూలై చివర మఱియొకమారు మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెండింటి నడుమ ఆతడు ఉత్తరమునకే ఒరిగియుండును. ఏప్రిల్ నడుమ దక్షిణమున నున్నను 80 అంశల ఎత్తున నుండుటచే కొద్దిపాటి చూరు అడ్డుపడును. అనగా గ్రీష్మమున మిట్టమధ్యాహ్నపు ఎండ కాల్చునది పైకప్పును. ఏటవాలు ఎండ కాల్చునది తూర్పు పడమటి గోడలను. వీనిలో సాయంతనపు పడమటి ఎండ దుస్సహము. దక్షిణకుడ్యమునకు వేసవి ఎండ బాధ స్వల్పము. డిసెంబరు చివర సూర్యుడు మధ్యాహ్నమున 48 అంశల ఎత్తుకు దిగును గనుక చలికాలపు ఎండ ఆ గోడకు తగులును, అది హితమే.

పూర్వగృహములు

ఈ సూత్రములను ఉద్దానపు పల్లెలవారు గ్రంథములు చదివి తెలిసికొనలేదు, అనుభవమున గ్రహించిరి. చుట్టిల్లు ఇందుకు ఉదాహరణము. మట్టిగోడ వలయాకారము, నడుమ నిట్టాడు, పైన తాటాకు గాని రెల్లు గాని కప్పు. మూలలు లేని గోడను పెనుగాలి ఒరసికొని తప్పుకొనును. చూరు, మనుష్యుడు తల వంచి లోనికి పోవలసినంత దిగియుండుటచే గోడకు ఎండ తగులదు. కప్పునకు అడుగున మట్టి మెత్తిన అటక యున్నచో అది అగ్నినుండి కొంత రక్ష. వేడికి రెండవ అడ్డు.

వీధి పొడవునా ఒకదానినొకటి ఆనుకొనియున్న వరుస ఇండ్లు మఱియొక విధము. ప్రక్కగోడలు ఉమ్మడివి గనుక వానికి ఎండ తగులదు. ముందు అరుగు, వెనుక పెరడు. వీధితలుపు, పెరటితలుపు ఎదురెదురుగా నుండుటచే గాలి ఈ కొసనుండి ఆ కొసకు సాగిపోవును. గడ్డికప్పు వేడిని లోనికి పంపు శక్తి, కాంక్రీటుతో పోల్చినచో సుమారు ఇరువదవ వంతు మాత్రమే.

శాస్త్రసమన్వయము

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితయందు వాస్తువిద్యాధ్యాయమున చతుశ్శాలాభేదములు చెప్పబడినవి. వానిలో సర్వతోభద్రమునకు నాలుగు దిక్కులను ద్వారములు, చుట్టును ఎడతెగని అలిందము లక్షణము. అలిందమనగా నేటి వసారాతో పోల్చదగినది. చుట్టును నీడ, నాలుగు వైపుల గాలి. తీరభూమికి ఇంతకంటె అనుకూలమైన లక్షణము వేఱొకటి లేదు.

ఇక పూర్వపక్షము. దక్షిణము యమస్థానము, నైరృతి బరువుండవలసిన మూల; కావున ఆ దిక్కుల కిటికీలు, ద్వారములు మూయవలెనని నేటి వాడుక. దీనికి సమాధానము. బృహత్సంహిత 81 పదముల వాస్తుమండలమున ప్రతిదిక్కునను ద్వారస్థానములను వేరువేరుగా విమర్శించినది. దక్షిణమున పెక్కు స్థానములు నింద్యములే. కాని ఆగ్నేయమునుండి లెక్కింపగా నాలుగవదియగు బృహత్క్షతుని పదమున ద్వారమునకు భక్ష్యపానవృద్ధి, సుతవృద్ధి ఫలముగా చెప్పబడినది. ద్వారమునకే దక్షిణమున శుభస్థానమున్నప్పుడు, కేవలము గాలికై యుంచు గవాక్షమును ఆ దిక్కు పేరుతోనే నిషేధించుట శాస్త్రమునకు మించిన మాట.

దక్షిణశాల లేని త్రిశాలమునకు ఆచార్యుడు చుల్లియని పేరుపెట్టి నిందించెను గదా యని శంకింపవచ్చును. చుల్లియనగా పొయ్యి. అచ్చట దోషము శాల లేకపోవుట. శాలకు గవాక్షముండుట కాదు. కావున దక్షిణశాలను నిలిపి, దానికి ఎదురెదురు గవాక్షములుంచినచో శాస్త్రమునకు భంగము లేదు, గాలికి అడ్డు లేదు.

వృక్షవిషయము కూడ ఇట్టిదే. కంటకవృక్షములు, పాలచెట్లు, ఫలవృక్షములు గృహమునకు ఆసన్నములైనచో దోషమని చెప్పి, వానిని కొట్టివేయలేనివారు నడుమ శుభవృక్షములను నాటవలెనని ఆచార్యుడు విధించెను. ఆ శుభవృక్షములలో పున్నాగ, అశోక, వకుళములతోబాటు పనసయు కలదు. దోషము ఆసన్నతయందే గాని వృక్షమునందు కాదు.

నేటి స్థితి

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. తరతరముల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. నీడ పోయినది, గడ్డికప్పులు ఎగిరిపోయినవి. గాలికిని నిప్పునకును వెరచి జనులు స్లాబు ఇండ్లను కోరుట సహజము, యుక్తము. తిరిగి పూరింటికి పొమ్మని చెప్పుట వారి ప్రాణభయమును గుర్తింపకపోవుటయే.

కాని నాలుగైదు అంగుళముల స్లాబు పగటివేడిని మూడు నాలుగు గంటలకు లోపలివైపునకు చేర్చును. పొలమునుండి వచ్చినవారు విశ్రమించు వేళకు కప్పు వేడిని క్రుమ్మరించుచుండును. దక్షిణపు కిటికీ కూడ మూసినచో ఆ గది యథార్థముగా చుల్లియే. ఈ ప్రాంతమును దీర్ఘకాలముగా పీడించుచున్న మూత్రపిండవ్యాధికి వేడిమిలో శ్రమించుట, దేహమున నీరు తగ్గుట పరిశోధకులు విచారించుచున్న హేతువులలోనివి. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రి, పరిశోధనాకేంద్రము ప్రారంభమైనవి. ఎండలో శ్రమించినవానికి రాత్రి చల్లని నిద్ర విలాసము కాదు.

2020 డిసెంబరున ఆరంభమైన ఇండ్లస్థలముల పంపకమున గ్రామములందు కుటుంబమునకు ఒకటిన్నర సెంటు, అనగా సుమారు 650 చదరపు అడుగులు. ఇంతలో చతుశ్శాల అసాధ్యము. సాధ్యములైనవి ఇవి. స్లాబుపై ఏటేట తెల్లని సున్నము పూయుట. వేసవిలో దానిపై జానెడు ఎత్తున కొబ్బరాకుల పందిరి వేయుట. పడమట వంటిల్లుగాని సామానుల గదిగాని యుంచి పడకగదిని కాపాడుట. దక్షిణోత్తరముల ఎదురెదురు కిటికీలను మంచముపై పరున్నవానికి గాలి తగులునంత క్రిందుగా నుంచుట. చెట్లను తిరిగి నాటునపుడు దక్షిణమున కొబ్బరి నాటవలెను; దాని మట్టలు పైన, మ్రాను సన్నము గనుక గాలి క్రిందుగా సాగును. పడమట పనస తగినది. దాని గుబురాకు వాలుటెండను ఆపును. రెండును ఇంటిపై పడనంత దూరమున నుండవలెను.

పదార్థము మారినది; దేశము, వాయువు, సూర్యగతి మారలేదు. గడ్డికి బదులు కాంక్రీటు వచ్చినను అలిందము, గవాక్షము, వృక్షము అను మూడింటి ప్రయోజనము యథాతథము. ఫలశ్రుతిని మాత్రమే పఠించి లక్షణమును విడుచుట శాస్త్రాధ్యయనము కాదు. ఉద్దానమునందు దక్షిణానిలమును ఆపు గోడకు శాస్త్రమును సాక్షిగా నిలుపుట తగదు.