బొమ్మలు – వాటి కర్తలు

బొమ్మ అనగా పసిపిల్లల ఆటవస్తువని మనలో చాలామంది అభిప్రాయం. కాని పెద్దలు సైతం వెదకి కొని దాచుకొనే బొమ్మల కళ ఒకటి గత పాతికేళ్ళలో ప్రపంచమంతటా వ్యాపించింది. దానిని పరిశీలించి, మన బొమ్మలతో పోల్చి చూడడమే ఈ చిన్న వ్యాసంలో మా ఉద్దేశం.

ఈ కళాఖండాలను డిజైనర్ వినైల్ బొమ్మలంటారు. 1999లో హాంగ్‌కాంగ్ చిత్రకారుడు మైకేల్ లావ్ ‘గార్డెనర్’ అను బొమ్మల వరుసను ఆ నగరపు ఆర్ట్స్ సెంటర్‌లో ప్రదర్శించాడు. అదే సంవత్సరం, ‘కాస్’ అను పేరుతో ప్రసిద్ధుడైన అమెరికా చిత్రకారుడు బ్రయన్ డానెల్లీ, జపాను సంస్థ బౌంటీ హంటర్ ద్వారా ‘కంపానియన్’ అను బొమ్మను 500 ప్రతులు మాత్రమే తీయించాడు.

వీటి నిర్మాణ విధానం తెలిసికొనదగినది. కళాకారుడు మొదట మూలరూపాన్ని మలుస్తాడు. దాని నుండి లోహపు అచ్చు తయారవుతుంది. అచ్చులో ద్రవరూపమైన వినైల్ పోసి వేడిచేస్తూ త్రిప్పగా, అది లోపలి గోడలకు అంటి గట్టిపడి గుల్ల బొమ్మగా వెలువడుతుంది. అచ్చు ఇంకా ఎన్నో బొమ్మలను ఈయగలదు. అయినను నిర్ణీత సంఖ్య వద్ద ఆపివేస్తారు. అనగా ఇక్కడి కొరత కావాలని కల్పించుకొన్నది.

ఇక మన వైపు చూద్దాం. హుజూర్‌నగర్ నుండి కోదాడ మీదుగా విజయవాడకు పోవు వారికి ఇబ్రహీంపట్నం చేరువలోనే కొండపల్లి ఉన్నది. అక్కడి పనివారు తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క పూస్తారు. చేర్యాల నకాషీలు మందెచ్చుల వారికి కాటమరాజు కథ చెప్పుకొనే బొమ్మలను చేసి ఇచ్చేవారు. ‘నకాషీ’ అను మాటకు మూలం ఉర్దూలోని ‘నక్ష్’ శబ్దమేనని మన కళాశాల విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ బొమ్మలకు ప్రతుల సంఖ్యను ఎవరూ నిర్ణయించలేదు. మనిషి చేయి ఎంత పని చేయగలదో, అడవి ఎంత కర్ర ఈయగలదో, అదే వాటి పరిమితి. ఏ రెండు బొమ్మలును అచ్చంగా ఒకటి కావు. అయినను వినైల్ బొమ్మకు పలికే వెలలో స్వల్పభాగమైనా వీటికి పలకదు. కారణమేమి?

ముఖ్య కారణం పేరు లేకపోవడమని మేము భావిస్తున్నాము. విదేశీ బొమ్మను కొనేవాడు కర్త పేరు చూసి కొంటాడు. మన బొమ్మను ఊరి పేరుతో కొంటాము. 1999లోనే మన పార్లమెంటు భౌగోళిక సూచికల చట్టాన్ని చేసింది. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు లభించింది. ఇది మేలే, నకిలీలను అడ్డుకొనే ఆధారం ఏర్పడింది. కాని ఆ చట్టం కాపాడేది ఊరి పేరును. కొత్త రూపాన్ని ఊహించిన వ్యక్తి పేరు దానిలో కనిపించదు. ఏటికొప్పాకలో సహజవర్ణాల పునరుద్ధరణకు కృషిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. అట్టి గౌరవం పొందినవారు బహుకొద్దిమంది. పేరు, ఆదాయం రెండూ లేని వృత్తిలోకి పిల్లలను దింపడానికి ఏ తండ్రి సాహసిస్తాడు?

అయితే విదేశీ పద్ధతిని యథాతథంగా అనుసరించమని మేము చెప్పడం లేదు. పెట్టె విప్పకుండా దాచి, వెల పెరిగినప్పుడు అమ్ముకొనే బొమ్మ పసివాని చేతికి ఎన్నటికీ చేరదు. బజారులో కల్పించే కొరత మనకు అవసరం లేదు. కర్తకు ఇచ్చే గౌరవాన్ని మాత్రం మనం గ్రహించాలి. బొమ్మ అడుగున చేసినవారి పేరు, సంవత్సరం వ్రాయడానికి అయ్యే ఖర్చు కుంచెడు రంగు మాత్రమే.

విద్యార్థులారా! ఈసారి ప్రదర్శనలో బొమ్మ కొనేటప్పుడు వెల అడగడానికి ముందు దానిని చేసినవారి పేరు అడగండి. అడిగేవారుంటే వ్రాసేవారూ ఉంటారు.